విచారాల నడుమ ఏకదృష్టిగల హృదయం



ఆదివారం ఆరాధనలో వాక్యం చదువుతున్నప్పుడు మన కళ్లు బైబిలు మీదే ఉంటాయి. మనసు మాత్రం ఊరంతా తిరిగి వస్తుంది. సోమవారం కట్టాల్సిన డ్వాక్రా వాయిదా దగ్గరికి ఒకసారి, కల్లంలో ఆరబోసిన మిరపకాయల దగ్గరికి ఒకసారి, హైదరాబాదులో ఉద్యోగం వెతుక్కుంటున్న కొడుకు దగ్గరికి మరొకసారి. సంబంధం కుదరని కూతురు, దుబాయ్ నుండి రెండు నెలలుగా డబ్బు పంపలేకపోయిన భర్త, ఆసుపత్రిలో చేతికిచ్చిన రిపోర్టు, పిల్లల కాలేజీ ఫీజు, అన్నీ ఆ కాసేపట్లోనే కళ్ల ముందు కదులుతాయి. చుట్టూ అందరూ ఆమేన్ అన్నప్పుడు గాని మందిరంలో కూర్చున్నామని గుర్తురాదు.

ఇది ప్రభువును ఎరుగనివారి సంగతి కాదు. క్రమంగా మందిరానికి వచ్చే, శుక్రవారం ఉపవాస ప్రార్థనకు కూడా మానకుండా హాజరయ్యే విశ్వాసుల సంగతి. అందుకే చింతను గూర్చి లేఖనాలు ఏమి చెబుతున్నాయో, ఏమి చెప్పడం లేదో ఈ వారం వరుసగా పరిశీలించాలని మేము తలచాం. మేము చెప్పదలచినది ఒక్కటే. చింత మనలను బాధపెడుతుందన్నది నిజమే గాని, దానివల్ల కలిగే పెద్ద హాని వేరే ఉంది: అది మన హృదయాన్ని ముక్కలుగా పంచివేస్తుంది. ప్రభువు మన పరిస్థితిని ఈ రోజే మార్చినా మార్చకపోయినా, ఆ ముక్కలను ఏరి మళ్లీ తన దగ్గర ఒకటిగా చేర్చగలడు.

ఒకే మాట, రెండు దారులు

కొత్త నిబంధనను వ్రాసిన గ్రీకు భాషలో చింతకు ఎక్కువగా వాడిన మాట "మెరిమ్నా". మన తెలుగు బైబిలులో అది కొన్నిచోట్ల చింత అనీ, కొన్నిచోట్ల విచారం అనీ కనబడుతుంది. కొండమీది ప్రసంగంలో, మత్తయి 6:25-34 మధ్య, ఆ మాటకు సంబంధించిన క్రియాపదం ఆరుసార్లు వస్తుంది. అన్నం గురించి, బట్ట గురించి, రేపటి గురించి చింతించవద్దని ప్రభువు అన్నప్పుడు వాడినది అదే. ఫిలిప్పీ 4:6లో దేనిని గూర్చీ చింతపడవద్దని పౌలు వ్రాసినది అదే. విత్తువాని ఉపమానంలో వాక్యాన్ని అణచివేసే ఐహిక విచారం కూడా అదే.

అయితే ఈ మాట అంతటా చెడ్డ అర్థంలోనే రాలేదు. తిమోతి వంటి మనిషి తనకు మరొకడు లేడని, అతడు ఫిలిప్పీ సంఘం క్షేమం గురించి నిజంగా చింతించేవాడని పౌలు అదే పత్రికలో, ఫిలిప్పీ 2:20లో, మెచ్చుకుంటాడు. అక్కడా అదే క్రియ. సంఘాలన్నిటిని గూర్చిన చింత దినదినం తన మీద భారంగా ఉందని 2 కొరింథీ 11:28లో తన గురించి చెప్పుకుంటాడు. క్రీస్తు శరీరంలోని అవయవాలు ఒకదానినొకటి పరామర్శించుకోవాలని 1 కొరింథీ 12:25లో చెప్పినప్పుడు మూలభాషలో ఉన్నదీ ఆ మాటే.

దీనిని బట్టి మనకు మొదటి సంగతి తెలుస్తుంది. బాధ్యతగా ఆలోచించడం పాపం కాదు. కూతురి పెండ్లికి ముందుగా నాలుగు రూపాయలు వెనకేసుకోవడం, వాన రాకముందే ఇంటికప్పు సరిచేసుకోవడం, బ్యాంకు వాయిదా తేదీ గుర్తుంచుకోవడం అవిశ్వాసం కాదు. తన ఇంటివారిని పోషించనివాడు విశ్వాసాన్ని విడిచినవాడని 1 తిమోతి 5:8 గట్టిగా హెచ్చరిస్తుంది. ఆకాశ పక్షులను చూడమన్న ప్రభువు, అవి గూటిలో నోరు తెరచి కూర్చుంటాయని చెప్పలేదు. తెల్లవారకముందే లేచి గింజ కోసం తిరిగే ప్రాణులవి. వాటికి లేనిది రేపటి భయం మాత్రమే.

మరి మంచి చింత ఎక్కడ ఆగి, చెడ్డ చింత ఎక్కడ మొదలవుతుంది? దానికి జవాబు పౌలు కొరింథు సంఘానికి వ్రాసిన ఒక మాటలో దొరుకుతుంది.

పంచబడిన మనసు

1 కొరింథీ 7వ అధ్యాయంలో పౌలు పెండ్లి గురించి మాట్లాడుతూ, విశ్వాసులు చింత లేనివారై ఉండాలని తన కోరిక అంటాడు. పెండ్లయినవాడు ఈ లోక విషయాల గురించీ భార్యను ఎలా సంతోషపెట్టాలా అనీ చింతిస్తాడని చెప్పి, వెంటనే మరొక మాట కలుపుతాడు. ప్రాచీన ప్రతులలో ఆ మాటకు అర్థం "అతడు పంచబడ్డాడు" అని. ఒక ఆస్తిని అన్నదమ్ములు వాటాలు వేసుకున్నట్టు మనసు వాటాలైపోయిందన్నమాట. పెండ్లి తప్పు అని అపొస్తలుని ఉద్దేశం కాదు. ఎవరికీ ఉరి వేయడానికి ఇది చెప్పడం లేదని ఆయనే ముందుగా స్పష్టం చేశాడు. తన ఆశ ఏమిటో 35వ వచనంలో తెలిపాడు: విశ్వాసులు తొందర లేకుండా ప్రభువు సన్నిధిని అంటిపెట్టుకొని ఉండాలి.

అక్కడ ఆయన వాడిన రెండు గ్రీకు మాటలు గమనించదగినవి. ఒకటి "యూపారెద్రోన్". పక్కన చక్కగా కూర్చుని ఉండడం అనే అర్థం దాని వేరులోనే ఉంది. రెండవది "అపెరిస్పాస్తోస్", అంటే అటూ ఇటూ లాగబడకుండా. ఒకరి పక్కన కూర్చోవడం, మరొకవైపు లాగబడకపోవడం. ఈ రెండు మాటలు కలిపి చదివినప్పుడు బేతనియలోని ఒక ఇల్లు మన కళ్లముందు నిలుస్తుంది.

మార్త ఇంటిలో జరిగినది

లూకా 10:38-42 మనకు కంఠతా వచ్చిన భాగం. యేసును తన ఇంటికి చేర్చుకున్నది మార్త. ఆ సంగతి చాలా ప్రసంగాలలో మరుగున పడిపోతుంది. ఆమె తలుపు తీసింది గనుకనే మరియకు ఆయన పాదాల దగ్గర చోటు దొరికింది. వచ్చిన బోధకునికి అన్నం పెట్టడం ఆ దేశంలో చిన్న పని కాదు, తప్పు పని అంతకన్నా కాదు. మన ఇళ్లలో పాస్టరుగారు వస్తున్నారంటే వంటగదిలో ఎంత హడావుడో తల్లులకు తెలుసు.

మార్త స్థితిని వర్ణించడానికి లూకా ఎంచుకున్న క్రియ "పెరిస్పావో". నలువైపులా లాగబడడం అని దాని అర్థం. పౌలు కొరింథీయులకు వ్రాసిన "అపెరిస్పాస్తోస్" దీనికి సరిగ్గా వ్యతిరేక పదం. మార్త చేతులు పనిలో ఉన్నాయి, అందులో దోషమేమీ లేదు. ఆమె లోపల లాగబడుతున్నది. పొయ్యి మీద ఒక కన్ను, చెల్లెలి మీద ఒక కన్ను, అతిథి మీద ఒక కన్ను. అలా లాగబడిన మనసు నుండి మొదట బయటికి వచ్చినది చెల్లెలి మీద ఫిర్యాదు. అది కూడా ప్రభువును నిలదీసే మాటతో మొదలయింది: నేనొక్కదాన్నే పాటుపడుతుంటే నీకు చింత లేదా అని.

ఈ ప్రశ్న సువార్తలలో మరొకచోట కూడా వినబడుతుంది. మార్కు 4:38లో తుపానులో దోనె మునుగుతుండగా, తలగడ మీద నిద్రిస్తున్న యేసును లేపి శిష్యులు అడిగినది ఇదే. వంటగది చిన్న తుపాను, సముద్రం పెద్ద తుపాను. నింద మాత్రం ఒక్కటే. విచారం పెరిగినప్పుడు మనకు మొదట అనుమానం వచ్చేది దేవుని ప్రేమ మీదనే. ఫీజు కట్టలేకపోయిన రోజున ఫీజు ఒక్కటే బాధించదు, దేవుడు నన్ను మరిచాడన్న తలంపు అంతకంటే లోతుగా బాధిస్తుంది.

ప్రభువు ఆమెను రెండుసార్లు పేరుపెట్టి పిలిచాడు. ఆ పిలుపులో కోపం లేదు. అనేకమైన పనుల గురించి ఆమె విచారపడుతున్నదని, అవసరమైనది ఒక్కటేనని నెమ్మదిగా చెప్పాడు. అనేకం, ఒక్కటి. ఆయన వైద్యం అంతా ఈ రెండు మాటల మధ్య ఉంది.

తరువాత మార్త ఏమయింది? యోహాను సువార్త చదివితే తెలుస్తుంది. తమ్ముడు లాజరు చనిపోయి నాలుగు దినాలైన దుఃఖంలో, ఆయనే లోకానికి రావలసిన దేవుని కుమారుడైన క్రీస్తు అని స్పష్టంగా ఒప్పుకున్నది మార్తే (యోహాను 11:27). మళ్లీ 12:2లో బేతనియలో ఆయనకు విందు చేసినప్పుడు, మార్త ఉపచారం చేస్తున్నదని యోహాను వ్రాశాడు. పని అదే, మనిషి ఆమే. ఈసారి ఫిర్యాదు మాత్రం లేదు. చెల్లెలు విలువైన అత్తరు పోసి పనిపాటలు లేనట్టు ఆయన పాదాల దగ్గర ఉన్నా, మార్త నోట ఒక్క మాట రాలేదు. సణిగినవాడు యూదా. ప్రభువు మార్తను వంటగదిలోనుండి బయటికి పంపలేదు. వంటగదిలో చెదరిపోయిన ఆమె హృదయాన్ని కూడదీశాడు.

పచ్చగా ఉండీ పండని చేను

విత్తువాని ఉపమానంలో ముండ్లపొదల నేలను గూర్చి మత్తయి 13, మార్కు 4, లూకా 8 అధ్యాయాలు చెబుతాయి. ఆ నేల రాతినేల వంటిది కాదు. అక్కడ విత్తనం మొలిచింది, పెరిగింది. వ్యవసాయం చేసేవారికి ఇందులోని ప్రమాదం తేలికగా అర్థమవుతుంది. కలుపు బలిసిన మడి దూరం నుండి చూస్తే పచ్చగానే కనబడుతుంది. మనం వేసిన ఎరువే తుంగ కూడా తింటుంది, మనం పెట్టిన నీరే అదీ తాగుతుంది. పైరు చచ్చిపోదు. తీరా కోసి నూర్చితే చేతికి వచ్చేది తాలు. లూకా 8:14 చెప్పేది కూడా ఇదే, పంట పక్వానికి రాలేదని.

చింతకు బలి అయిన విశ్వాసి సంఘం వదిలి వెళ్లకపోవచ్చు. పాట పాడుతూనే ఉంటాడు, కానుక వేస్తూనే ఉంటాడు. ప్రార్థన కూడా చేస్తాడు, అయితే ఆ ప్రార్థన మోకాళ్ల మీద కూర్చుని చేసే లెక్కగా మారిపోతుంది. పొరుగువాని కష్టం కనబడదు. కృతజ్ఞత ఎండిపోతుంది. ఉపమానంలో ప్రభువు విచారాన్ని ధనమోసం పక్కనే పెట్టడం గమనించండి. లేనివాని చింత, ఉన్నవాని ఆశ, రెండూ ఒకే పొదలోని ముళ్లు. లూకా 21:34లో ఐహిక విచారాలను మత్తు పక్కన పెట్టి, రెండూ హృదయాన్ని బరువెక్కిస్తాయని హెచ్చరించాడు. తాగుబోతును మనం సంఘక్రమశిక్షణలో పెడతాం. చింతతో మత్తెక్కినవాడిని మాత్రం బాధ్యత తెలిసిన మనిషి అని పొగుడుతాం.

చింత తీరడం కోసమా, క్రీస్తు కోసమా?

ఇక్కడ మేము ఒక మాట నిష్కర్షగా చెప్పవలసి ఉంది. ఈ రోజుల్లో వేదికల మీదా ఫోన్లలోనూ వినబడుతున్న కొన్ని బోధలు చింతకు సులభమైన మందు అమ్ముతున్నాయి. ఈ కానుక విత్తితే అప్పు తీరుతుంది, ఈ నూనె రాస్తే వీసా వస్తుంది, ఈ నెల నీది అంటూ వాగ్దానం చేస్తాయి. అలాంటి బోధలో క్రీస్తు పేరు చాలాసార్లు వినబడుతుంది. హృదయం మాత్రం అప్పు మీదా వీసా మీదా నిలిచి ఉంటుంది, ప్రభువు వాటికి దారిగా మిగిలిపోతాడు. పని జరగకపోతే ఆ మనిషి ఆయనను విడిచి మరో బోధకుని వెతుక్కుంటాడు.

మన తెలుగు సంఘాల చరిత్రలోనే దీనికి చక్కని బుద్ధి చెప్పే సంగతి ఒకటి ఉంది. 1876 నుండి 1878 వరకు దక్షిణ భారతమంతా మహా కరువు వచ్చింది. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్నది దానినే. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీగా ఉన్న జాన్ ఎవరెట్ క్లౌ, మిషనరీ కాకముందు సర్వేయరుగా పనిచేసిన అనుభవంతో, బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో ఉన్న వేలమందికి ఉచితంగా పంచడం కన్నా కూలి ఇచ్చి గౌరవంగా బ్రతికించడం మేలని అతని ఆలోచన. తెలుగు బోధకులే మేస్త్రీలుగా ఉండి పని చేయించారు. పలుగూ పారా పక్కన పెట్టి సేదతీరే వేళలలో ఆ కూలీల మధ్య కూర్చుని క్రీస్తును గూర్చి చెప్పారు. మట్టి మోసే చోటే వాక్యం వినబడింది.

చాలామంది బాప్తిస్మం కోరారు. క్లౌ మాత్రం కరువు సాయం నడిచినంతకాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఇవ్వడం ఆపివేశాడు. అన్నం కోసం వచ్చిన హృదయాన్నీ క్రీస్తు కోసం వచ్చిన హృదయాన్నీ కలిపివేయకూడదని అతని భయం. సాయం ముగిసింది, ఇక డబ్బు లేదని చెప్పారు. అయినా జనం కదలలేదు. తమకు సాయం అక్కరలేదని, చేతుల మీది బొబ్బలే తాము కష్టపడి బ్రతికామనడానికి సాక్ష్యమని, వచ్చే పంట కూడా పోతే చనిపోతామని, అయితే క్రీస్తు బిడ్డలుగానే చనిపోవాలని ఉందని వారు బ్రతిమాలుకున్నట్టు క్లౌ తన జ్ఞాపకాలలో నమోదు చేశాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ సంఖ్యను మనం సభలలో గర్వంగా చెప్పుకుంటాం. ఆ సంఖ్య వెనుక ఉన్న మాటను కూడా గుర్తుంచుకోవాలి. వచ్చే పంట గురించి వారికి ఏ హామీ దొరకలేదు. చింత తీరకముందే వారు ప్రభువును ఎన్నుకున్నారు. మన సంఘాలలో చాలా కుటుంబాలు అటువంటి తాతముత్తాతల సంతానమే.

సంకెళ్ల మధ్య వ్రాసిన మాట

దేనిని గూర్చీ చింతపడవద్దన్న పౌలు సుఖంగా కూర్చుని ఆ మాట వ్రాయలేదు. ఫిలిప్పీ పత్రిక సంకెళ్లలో వ్రాసినది. తీర్పు మరణమో విడుదలో అప్పటికి తేలలేదు. తన జతపనివాడు ఎపఫ్రొదితు చావుకు సిద్ధమైనంత జబ్బుపడి లేచాడు. అతనిని ఇంటికి పంపితే తన దుఃఖం కొంత తగ్గుతుందని పౌలు దాచకుండా వ్రాశాడు (2:28). కనుక చింతపడవద్దన్న మాట కన్నీళ్లు ఎరుగని మనిషి నోట వచ్చినది కాదు.

ఆయన చూపిన దారి ప్రతి విషయాన్నీ కృతజ్ఞతతో కలిపి దేవునికి తెలియజేయడం. దానికి ఫలంగా సమాధానం హృదయాలకూ తలంపులకూ కావలి ఉంటుందన్నాడు. ఆ "కావలి" అన్న మాట సైనికులకు సంబంధించినది. ఫిలిప్పీ రోమా సైనికులు స్థిరపడిన పట్టణం గనుక అక్కడివారికి ఆ మాట వినగానే కోటగుమ్మం కళ్లకు కట్టి ఉంటుంది. కోట చుట్టూ శత్రువు ఉండవచ్చు. కావలి ఉన్నంతవరకు లోపలివారు నిద్రపోగలరు.

అనుదిన జీవితంలో ఎలా?

మొదటిది, చింతను పేరుపెట్టి ప్రభువు ఎదుట పరచడం. అష్షూరు రాజు బెదిరింపు ఉత్తరం వచ్చినప్పుడు హిజ్కియా దానిని మందిరానికి తీసుకువెళ్లి యెహోవా సన్నిధిని విప్పి పరిచాడు (2 రాజులు 19:14). బ్యాంకు నోటీసును, ఆసుపత్రి బిల్లును, మార్కుల కాగితాన్ని అలా చేతిలో పట్టుకుని ప్రార్థించడానికి మనం సిగ్గుపడనక్కరలేదు. ప్రభువా అంతా చూసుకో అన్న ఒక్క మాటతో ముగించేకన్నా, ఏ భయం ఎంత ఉందో విడదీసి చెప్పడం మేలు. హన్నా అలాగే తన హృదయాన్ని కుమ్మరించింది. బిడ్డ ఇంకా పుట్టకముందే, లేచి వెళ్లి భోజనం చేసింది, ఆమె ముఖం మారింది (1 సమూయేలు 1:18).

రెండవది, దినం మొదటి మాట ఎవరిదో నిర్ణయించుకోవడం. లేవగానే ఫోను చేతికి తీసుకుంటే, కళ్లు నులుముకోకముందే పది చింతలు మన మంచం మీదికి వస్తాయి. ఒక కీర్తన, ఒక చిన్న ప్రార్థన ముగిసేవరకు ఫోను పక్క గదిలో ఉండనివ్వండి. కీర్తన 86:11లో దావీదు కోరిన ఏకదృష్టి, చెదరిన హృదయాన్ని ఒకటి చేయమన్న మనవే. ప్రతి ఉదయం అడగదగినది అదే.

మూడవది, నేటిది నేడు. అరణ్యంలో మన్నా ఏ రోజుకారోజే కురిసింది. రేపటికి దాచుకున్నది పురుగుపట్టి కంపుకొట్టింది (నిర్గమ 16:20). విశ్రాంతి దినం కోసం దాచినది మాత్రం చెడలేదు. దేవుడు చెప్పిన జాగ్రత్తకూ మనం భయంతో చేసే కూడబెట్టుకీ ఉన్న తేడా ఆ ఒక్క అధ్యాయంలో కనబడుతుంది.

నాలుగవది, చేసే పనినే సన్నిధిగా మార్చుకోవడం. 17వ శతాబ్దంలో పారిస్‌లోని కార్మెల్ మఠంలో బ్రదర్ లారెన్స్ అనే సహోదరుడు ఉండేవాడు. ఒకప్పుడు సైనికుడు, కాలికి దెబ్బ తగిలి కుంటినడక. మఠంలో అతనికి దొరికిన పని వంట. స్వభావరీత్యా ఆ పని అతనికి ఇష్టం లేదు. అయినా గిన్నెల చప్పుడు మధ్య కూడా, మోకాళ్ల మీద ఉన్నప్పటి వలెనే దేవుని సన్నిధిలో ఉండడం అభ్యాసం చేశాడు. మనసు చెదరినప్పుడు తనను తాను తిట్టుకోకుండా నెమ్మదిగా మళ్లీ ప్రభువు వైపు తిప్పుకునేవాడు. 1691లో అతడు చనిపోయాక అతని ఉత్తరాలు, సంభాషణలు పుస్తకంగా వచ్చి నేటికీ చదవబడుతున్నాయి. మనకు కావలసినదీ ఈ అభ్యాసమే. మనసు నూరుసార్లు చెదరితే నూరుసార్లు తిరిగి రావడం ఓటమి కాదు, అదే భక్తి.

సంఘం చేయవలసినది

ఇంతవరకు ఒక్కొక్క విశ్వాసి గురించి మాట్లాడుకున్నాం. చింత ఒంటరితనంలో బలుస్తుంది గనుక సంఘానికీ ఇందులో పాలు ఉంది. అపొస్తలుల కార్యములు 6లో విధవరాండ్రకు భోజనం సరిగా అందలేదన్న ఫిర్యాదు వచ్చినప్పుడు, చింతపడవద్దని వారికి ప్రసంగం చేసి పంపలేదు. ఏడుగురు మనుషులను ఏర్పరచి వడ్డన సరిచేశారు. మన సంఘంలో రేషను బియ్యంతో నెల గడుపుతున్న కుటుంబం ఏదో, వడ్డీకి తెచ్చి మందులు కొంటున్న ఇల్లు ఏదో పెద్దలకు తెలిసి ఉండాలి. మందిరానికి రంగులు వేయడానికి చందా ఎత్తగలిగిన మనం, ఒక బిడ్డ పరీక్ష ఫీజుకు కూడా ఎత్తగలం.

మరొక సంగతి. నెలల తరబడి నిద్రపట్టకపోవడం, గుండెదడ, ఏ పనీ చేయలేకపోవడం, బ్రతుకు మీద విరక్తి వంటివి కొందరిలో జబ్బు లక్షణాలు. అలాంటి సహోదరునితో, సహోదరితో నీకు విశ్వాసం చాలలేదని అనడం గాయం మీద కారం చల్లడం. చావు కోరుకుని బదరీ చెట్టు కింద పడుకున్న ఏలీయాను దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, రెండుసార్లు అన్నం, నీళ్లు ఇచ్చి, ఆ తరువాతే మాట్లాడాడు (1 రాజులు 19). షుగరుకు వైద్యుని దగ్గరికి వెళ్లినట్టే మనసు జబ్బుకూ వెళ్లాలి. ప్రభుత్వం నడుపుతున్న టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు. ఈ నంబరును మందిరం నోటీసు బోర్డు మీద వ్రాసి పెట్టమని కాపరులను కోరుతున్నాం. అప్పులపాలై పురుగుమందు డబ్బా వైపు చూస్తున్న రైతు ఎవరో మన వెనుక బెంచీలోనే కూర్చుని ఉండవచ్చు.

ఆయనకు చింత ఉంది

ఆఖరుగా పేతురు మాట. 1 పేతురు 5:7లో మన చింత అంతా ఆయన మీద వేయమన్నాడు. ఆ వాక్యం విడిగా నిలిచినది కాదు, దేవుని బలమైన చేతి కింద మనలను తగ్గించుకోమన్న ముందు మాటకు అతుక్కుని ఉంది. చింతను అప్పగించడం వినయం. దానిని వదలక పట్టుకోవడంలో, ఇంటిని నిలబెట్టేది నేనే అన్న చిన్న గర్వం దాగి ఉంటుంది. "వేయడం" అన్న ఆ గ్రీకు మాట కొత్త నిబంధనలో మరొక్కచోటే వస్తుంది. యేసు ఎక్కడానికి శిష్యులు తమ బట్టలను గాడిదపిల్ల మీద వేసిన చోట (లూకా 19:35). భుజం మీదిది తీసి మరొకదాని మీద వేస్తే ఇక అది మన భుజం మీద ఉండదు.

ఎందుకు వేయాలో కూడా పేతురు చెప్పాడు: ఆయన మనలను గూర్చి చింతిస్తున్నాడు గనుక. మనకున్న చింతకు అతడు వాడినది "మెరిమ్నా". దేవునికున్న చింతకు వాడిన మాట వేరు. అది మార్త వంటగది నుండి అడిగిన ప్రశ్నలోనిది, తుపానులో శిష్యులు కేకవేసిన ప్రశ్నలోనిది. నీకు చింత లేదా అని వారడిగారు. బహుశా ఆ రాత్రి దోనెలో ఆ కేకవేసినవారిలో పేతురూ ఉండే ఉంటాడు. ఏండ్లు గడిచాక, శ్రమలలో చెదరిపోయిన సంఘాలకు వ్రాస్తూ, అదే మాటతో జవాబిచ్చాడు. ఉంది, ఆయనకు మన చింత ఉంది అని.

సోమవారం వాయిదా సోమవారం వస్తుంది. మిరప ధర మన ప్రార్థన విని ఈ రాత్రికే పెరగకపోవచ్చు. అయినా పంచబడని హృదయంతో ఆ సోమవారంలోకి నడవడం మనకు సాధ్యమే. సిలువ మీద తన్ను తాను పూర్తిగా మనకు ఇచ్చుకున్న ప్రభువుకు ముక్కలు కాని హృదయాన్ని ఇచ్చుకొనే కృపను ఆయన మనకందరికీ, మన సంఘాలన్నిటికీ అనుగ్రహించును గాక. ఆమేన్.